ఉద్గారాలు తగ్గిస్తూ ఎదగగలమా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువుల ఉద్గారాలను (వెలువడటాన్ని) తగ్గించే వాతావరణ విధానాలవల్ల ఆర్థిక వృద్ధికి నష్టమే జరగాలని లేదని, సరిగ్గా రూపొందిస్తే రెండూ ఒకదానికొకటి తోడ్పడగలవని గత నెల ఈ శీర్షికలో రాశాము. ఆ మాటను నమ్మలేక వచ్చిన ఉత్తరాలే ఎక్కువ. ఒకే విషయం అడిగినవారి ప్రశ్నలను కలిపి, హైదరాబాదు నగరంలోని పాఠకులు పంపిన వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధించి విరమణ పొందాను, మలక్‌పేటలో ఉంటాను. వృద్ధి అంటే ఇళ్లు, రోడ్లు, కర్మాగారాలు. వాటికి సిమెంటు, ఉక్కు, కరెంటు కావాలి. అవన్నీ బొగ్గు, చమురు మండిస్తేనే వస్తున్నాయి. అటువంటప్పుడు రెండూ కలిసి సాగుతాయనడం ధనిక దేశాలు మనకు చెప్పే నీతిపాఠం కాదా?

జవాబు: మాస్టారూ, మీ అనుమానంలో సగం న్యాయముంది. భారతదేశపు తలసరి కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు ప్రపంచ సగటులో సగమైనా లేవు. కాబట్టి ముందుగా మీరే తగ్గించుకోండని ఎవరైనా మనకు చెబితే ఒప్పుకోనక్కరలేదు. అయితే ఎవరు ముందు తగ్గించాలన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న, తగ్గిస్తే ఎదుగుదల ఆగిపోతుందా అన్నది లెక్కకు సంబంధించిన ప్రశ్న. ఈ రెండింటినీ కలిపి మాట్లాడటంవల్లే మన చర్చలు చాలావరకు తేలకుండా మిగిలిపోతున్నాయి.

లెక్క సంగతి చూద్దాం. 1882లోనే లండన్‌లో బొగ్గుతో విద్యుత్ కేంద్రం నడిపిన బ్రిటన్, 2024 సెప్టెంబరు 30న తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసివేసింది. 1990తో పోలిస్తే ఆ దేశంలో ఉద్గారాలు దాదాపు సగానికి తగ్గాయి, అదే కాలంలో ఆర్థిక వ్యవస్థ సుమారు 80 శాతం పెరిగింది. ఇందులో మెలిక లేకపోలేదు. అక్కడి కర్మాగారాలు చాలా మూతబడి, అదే సరుకు చైనా వంటి దేశాల్లో తయారై ఓడల్లో వస్తోంది. అలా దిగుమతి చేసుకునే సరుకుల ఉద్గారాలను కూడా వాళ్ల ఖాతాలోనే వేసి చూస్తే తగ్గుదల అంత పెద్దగా కనిపించదు, కానీ తగ్గుదల మాత్రం నిజమే. మన దేశం విషయానికి వస్తే, 2005 నుంచి 2020 మధ్య జీడీపీలో ప్రతి రూపాయికీ వెలువడే ఉద్గారాలు 36 శాతం తగ్గినట్లు కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్య సమితికి నివేదించింది. మొత్తం ఉద్గారాలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. కాబట్టి మనం ఉద్గారాలు తగ్గిస్తున్నామని చెప్పుకోవడం సరికాదు. ఆర్థిక వ్యవస్థ పెరిగినంత వేగంగా అవి పెరగడం లేదు, ఇప్పటికి చెప్పుకోదగింది అంతే.

ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఎల్‌ఈడీ బల్బు కథను కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే మన దేశంలో వాతావరణ విధానం వృద్ధికి పనికివచ్చిన తీరు అందులో తేటగా కనిపిస్తుంది. 2014 ప్రాంతంలో దుకాణంలో ఒక్కో బల్బు కొన్ని వందల రూపాయలు పలికేది. కరెంటు ఎంత ఆదా అయినా అంత ధర పెట్టి కొనేవారు తక్కువ, కొనేవారు లేక తయారీ పెరగలేదు, తయారీ పెరగక ధర దిగలేదు. ఈ చిక్కుముడిని విప్పింది సబ్సిడీ కాదు. ప్రభుత్వ రంగ కంపెనీల ఉమ్మడి సంస్థ అయిన ఈఈఎస్‌ఎల్ రాష్ట్రాల గిరాకీని ఒక్కచోట చేర్చి, కోట్ల సంఖ్యలో బల్బులకు టెండర్లు పిలిచింది. 2014లో ఒక్కో బల్బుకు రూ.310 చెల్లించిన ఆ సంస్థకు 2016 వచ్చేసరికి అది రూ.38కే దొరికింది. 2015 జనవరిలో దేశమంతటా మొదలైన ఈ పథకానికి తరువాత ఉజాలా అని పేరు పెట్టారు. వినియోగదారుడు ముందుగా పది రూపాయలు కట్టి, మిగిలిన మొత్తాన్ని నెలకు పది రూపాయల చొప్పున కరెంటు బిల్లుతో పాటు చెల్లించే వెసులుబాటు కల్పించారు. అరవై వాట్ల పాత బల్బు తీసి తొమ్మిది వాట్ల బల్బు పెట్టి, రోజుకు ఐదు గంటలు వెలిగిస్తే నెలకు ఏడు యూనిట్లకు పైగా మిగులుతాయి. అంటే బల్బు వాయిదా కంటే బిల్లులో తగ్గేదే ఎక్కువ. సుమారు 37 కోట్ల బల్బులు ఈ విధంగా ఇళ్లకు చేరాయి. పాత ఫిలమెంటు బల్బులు తయారుచేసేవారు నష్టపోయిన మాట వాస్తవమే, కానీ ఇంటి ఖర్చు తగ్గింది, అందరూ ఒక్కసారి స్విచ్చు వేసే సాయంత్రపు వేళ డిస్కంలపై (విద్యుత్ పంపిణీ సంస్థలపై) భారం తగ్గింది, ఎల్‌ఈడీ తయారీ ఇక్కడ ఒక పరిశ్రమగా నిలబడింది. ఉద్గారాల తగ్గుదల వీటన్నిటితో పాటు వచ్చింది.

సౌర విద్యుత్తు కథ కూడా ఇదే తోవలో నడిచింది. జాతీయ సౌర మిషన్ తొలి వేలంలో యూనిట్ ధర పది రూపాయల పైమాటే. 2017 మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లా పార్కుకు జరిగిన వేలంలో అది రూ.2.44కు, 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో రూ.1.99కి దిగింది. ప్యానెళ్ల ధర పడిపోవడానికి ప్రధాన కారణాలు సౌర విద్యుత్తుకు హామీ ధర ఇస్తూ 2000లో జర్మనీ చేసిన చట్టం, ఆ తరువాత చైనా కట్టిన భారీ కర్మాగారాలు. ఆ ఘనతను మన ఖాతాలో వేసుకోలేము. మన విధానం చేసిన పని వేరు: పాతికేళ్లపాటు ఇదే ధరకు కొంటామని రాసిచ్చి, పోటీ వేలం పెట్టడం. ఆ హామీ ఉంటే బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పు ఇస్తుంది. సూర్యరశ్మికి వెల లేదు కాబట్టి సౌర విద్యుత్తు ధరలో పెద్ద భాగం పెట్టుబడి మీద వడ్డీయే. హామీ సడలితే ఏమవుతుందో కూడా మనవాళ్లే చూశారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత ఒప్పందాల ధరలను తిరగదోడబోయినప్పుడు పెట్టుబడిదారులు జంకారు. ఆ ఒప్పందాలను గౌరవించాల్సిందేనని 2022 మార్చిలో హైకోర్టు తేల్చేవరకు వివాదం సాగింది.

ఇక సిమెంటు దగ్గర మీ మాటే నెగ్గుతుంది. తాండూరులోనైనా, హుజూర్‌నగర్ వైపునైనా సున్నపురాయిని బట్టీలో కాల్చినప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. సిమెంటు ఉద్గారాల్లో సగానికి పైగా ఇలా వచ్చేవే, ఇంధనం మార్చినంత మాత్రాన అవి పోవు. థర్మల్ కేంద్రాల బూడిదను కలిపి క్లింకరు (అలా కాల్చగా వచ్చే ముడి సిమెంటు గడ్డ) వాటా తగ్గించడం చవక, లాభదాయకం, మన కంపెనీలు చేస్తున్నాయి కూడా. దానికి మించి వెళ్లాలంటే నేటి ధరల్లో ఖర్చు తప్పదు. వాతావరణ విధానం ప్రతిచోటా లాభమే తెస్తుందని చెప్పేవారిని, మాస్టారూ, మీరు అనుమానించడంలో తప్పు లేదు.

ప్రశ్న: బర్కత్‌పురలో చార్టర్డ్ అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. ఉద్గారాలను బట్టి బొగ్గు, చమురు వంటి ఇంధనాలపై కర్బన పన్ను వేస్తే కంపెనీలు దాన్ని ధరలో కలిపేస్తాయి, చివరకు చెల్లించేది ఆటో నడిపేవాడు, జీతగాడు. కొనుగోలు శక్తి తగ్గితే వృద్ధి ఎక్కడ?

జవాబు: పన్ను ఎంత వేశారన్నదానికంటే వచ్చిన సొమ్ముతో ఏం చేశారన్నదే ముఖ్యం. స్వీడన్ 1991లో కర్బన పన్ను విధించినప్పుడు, అదే సంస్కరణలో ఆదాయపు పన్నును తగ్గించింది. ప్రపంచంలో అత్యధిక కర్బన పన్ను వేసే దేశాల్లో ఒకటైన స్వీడన్‌లో అప్పటి నుంచి ఉద్గారాలు మూడో వంతుకు పైగా తగ్గాయి, ఆర్థిక వ్యవస్థ మాత్రం పెరుగుతూ వచ్చింది. ఫ్రాన్స్ ఇందుకు భిన్నంగా నడిచింది. 2018 ఆరంభంలో సంపద పన్నును స్థిరాస్తులకే పరిమితం చేసింది, మరుసటి ఏడాదికి డీజిలుపై పన్ను పెంచబోయింది. పల్లెల్లో, పట్టణ శివార్లలో బండి లేనిదే పనికి పోలేనివారు పసుపు కోట్లు వేసుకుని నవంబరులో రోడ్ల మీదికి వచ్చారు. డిసెంబరుకల్లా ప్రభుత్వం వెనక్కు తగ్గింది.

మన దగ్గరా ఇటువంటి పన్ను ఉండేదన్న సంగతి చాలామందికి గుర్తు లేదు. 2010లో టన్ను బొగ్గుపై రూ.50 చొప్పున స్వచ్ఛ ఇంధన సెస్సు మొదలైంది, 2016 నాటికి రూ.400కు చేరింది. స్వచ్ఛ ఇంధనం కోసం ఒక నిధి కూడా ఏర్పాటైంది. కానీ వసూలైన దానిలో ఆ పనికి ఖర్చయినది తక్కువే. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ నాలుగు వందలు రాష్ట్రాల ఆదాయ నష్టాన్ని పూడ్చే సెస్సుగా మారిపోయాయి. 2025 సెప్టెంబరులో ఆ సెస్సును తీసేసి, బొగ్గుపై జీఎస్టీని 5 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. ఇన్నేళ్లూ కరెంటు బిల్లు ద్వారా మనం కట్టినది కర్బన పన్నే అయినా, దాని ఫలం ఇదీ అని చూపించగలిగేది లేకపోయింది. జనానికి కనబడని మేలు కోసం పన్ను కట్టమంటే ఎవరూ ఇష్టపడరు. నన్నడిగితే, మన దేశంలో కొత్త పన్ను గురించి మాట్లాడేముందు పాత సెస్సు లెక్క జనం ముందు పెట్టాలి.

ప్రశ్న: మాది గోదావరిఖని. నాన్న సింగరేణి కార్మికుడు. నేను అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్ పరీక్షలకు చదువుతున్నాను. బొగ్గు వద్దనే విధానం దేశానికి మంచిదని పరీక్షలో రాస్తాను గానీ, మా ఊరికి అది మంచిదెలా అవుతుందో నాకే అర్థం కావడం లేదు.

జవాబు: బొగ్గు రేపో మాపో ఆగిపోదు, ఆ ధైర్యం మీ నాన్నగారికి చెప్పవచ్చు. 2024-25లో దేశంలో బొగ్గు ఉత్పత్తి తొలిసారి 100 కోట్ల టన్నులు దాటింది. స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ వంటి శిలాజ ఇంధనాలు కానివాటిదేనని 2025లో ప్రకటించినా, వాస్తవంగా ఉత్పత్తయ్యే కరెంటులో 70 శాతానికి పైగా బొగ్గు నుంచే వస్తోంది. సూర్యుడు అస్తమించాక పని చేసే నిల్వ ఏర్పాట్లు పెరిగేవరకు ఇది పెద్దగా మారదు.

అయితే మీ ఊరి ఉద్యోగాల గురించి మరో మాట చెప్పాలి. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులు ఉండేవారు, ఇప్పుడు దాదాపు 40 వేల మంది ఉన్నారు. ఈలోగా బొగ్గు ఉత్పత్తి తగ్గకపోగా బాగా పెరిగింది. ఉద్యోగాలు పోవడానికి కారణం వాతావరణ విధానం కాదు. భూగర్భ గనుల స్థానంలో నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు, తట్ట, చెమ్మస్ (పార) స్థానంలో యంత్రాలు, పర్మినెంటు కార్మికుల స్థానంలో కాంట్రాక్టు కార్మికులు వచ్చారు. అంటే మీ ఊరు ఎదుర్కోబోయే మార్పులో సగం ఇప్పటికే జరిగిపోయింది, దానికి ఎవరూ ప్రణాళిక వేయలేదు. సౌర విద్యుత్తు పేరు చెప్పి భయపెట్టేవారు ఈ సంగతి ఎత్తరు.

ప్రణాళిక ఉంటే ఎలా ఉంటుందో, లేకపోతే ఎలా ఉంటుందో యూరప్‌లోనే రెండూ కనిపిస్తాయి. బ్రిటన్‌లో 1984-85లో ఏడాదిపాటు సాగిన గని కార్మికుల సమ్మె ఓడిపోయాక గనులు వరుసగా మూతపడ్డాయి, ఆ పట్టణాల్లో కొన్ని ఇప్పటికీ కోలుకోలేదు. జర్మనీలో నల్లబొగ్గు గనులను 2018 నాటికి మూసివేస్తామని 2007లోనే కంపెనీ, కార్మిక సంఘం, ప్రభుత్వం కలిసి నిర్ణయించుకున్నాయి. పదేళ్లకు పైగా గడువు ఉండటంతో కొందరికి ముందస్తు పింఛను, కొందరికి వేరే పనిలో శిక్షణ ఇచ్చి, బలవంతపు తొలగింపులు లేకుండా చివరి గనిని 2018 డిసెంబరులో మూశారు. 2020లో బొగ్గు నుంచి వైదొలగే చట్టం చేసినప్పుడు బొగ్గు ప్రాంతాలకు 4,000 కోట్ల యూరోల సాయం ప్రకటించారు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. సోలార్ పార్కు వస్తే గని ఉద్యోగాలన్నీ అందులో దొరుకుతాయనుకోకూడదు. రామగుండం ఎన్‌టీపీసీ రిజర్వాయరులో సుమారు 500 ఎకరాల నీటిపై పరచిన 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం 2022 నుంచి పనిచేస్తోంది. రైతు భూమి ఒక్క ఎకరం పోలేదు, నీరు ఆవిరవడం కూడా తగ్గింది. కానీ కట్టడం పూర్తయ్యాక అటువంటి కేంద్రానికి కావలసిన మనుషులు కొద్దిమందే. అనంతపురం సరిహద్దుకు ఆనుకుని ఉన్న కర్ణాటకలోని పావగడలో 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు కట్టినప్పుడు రైతుల దగ్గర భూమి కొనకుండా ఎకరానికి ఏడాదికి రూ.21,000 కౌలుకు తీసుకున్నారు. పదే పదే కరవు చూసిన ఆ నేలకు అది మంచి ఏర్పాటే. కానీ కౌలు భూమి ఉన్నవాడికి వస్తుంది, ఆ భూమిలో కూలికి పోయేవాడికి రాదు. ఉద్యోగాలు ఎక్కువగా పుట్టేది ప్యానెళ్లు, బ్యాటరీలు తయారుచేసే చోట. అందుకే గోదావరిఖని, మంచిర్యాల, కొత్తగూడెం యువత అడగవలసినది ఆ కర్మాగారాలు, ఐటీఐల్లో వాటికి తగిన శిక్షణ. గనులు నడుస్తున్నప్పుడే, సింగరేణికి లాభాలు వస్తున్నప్పుడే అడగాలి. మూతబడ్డాక అడిగితే వినేవారుండరు.

ప్రశ్న: జీడిమెట్లలో బోల్టులు, నట్లు తయారుచేసే చిన్న యూనిట్ నడుపుతున్నాను. యూరప్‌లోని కొనుగోలుదారు మా సరుకుకు కర్బన లెక్క, అంటే దాని తయారీలో వెలువడిన ఉద్గారాల లెక్క పంపమంటున్నాడు. ఇది కొత్త రకం సుంకం కాదా? మేమేం చేయాలి?

జవాబు: సుంకం లాంటిదే. యూరోపియన్ యూనియన్ ఇనుము-ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు దిగుమతులపై సరిహద్దు కర్బన విధానం తెచ్చింది. 2023 అక్టోబరు నుంచి లెక్క చెబితే సరిపోయేది, 2026 జనవరి 1 నుంచి చేసే దిగుమతులకు డబ్బు కూడా కట్టాలి. బోల్టులు, స్క్రూలు ఉక్కు జాబితాలోనే ఉన్నాయి. కట్టేది దిగుమతిదారే అయినా, ఆ భారాన్ని అతను మీ ధరలో కోస్తాడు. రెండు శతాబ్దాలు బొగ్గు మండించి ఎదిగినవారు ఇప్పుడు మన సరుకుపై లెక్క వేయడం న్యాయం కాదని మన ప్రభుత్వం వాదిస్తోంది, ఆ వాదనలో బలముంది. కానీ వాదన తేలేవరకు మీ ఆర్డరు ఆగదు కదా.

ముందుగా ఆ కొనుగోలుదారు ఏడాదికి ఈ సరుకులన్నీ కలిపి ఎన్ని టన్నులు దిగుమతి చేసుకుంటున్నాడో కనుక్కోండి. 50 టన్నుల లోపైతే అతనికి మినహాయింపు ఉంది. దాటితే, మీ షెడ్డులో వాడే కరెంటు కంటే మీరు కొనే వైర్‌రాడ్ (బోల్టులకు ముడిసరుకైన ఉక్కు చువ్వ) ముఖ్యమవుతుంది, ఎందుకంటే ఉక్కు వస్తువులకు ప్రస్తుతం కరెంటు తాలూకు ఉద్గారాలను లెక్కలోకి తీసుకోరు గానీ, ముడి ఉక్కు తయారైనప్పటి ఉద్గారాలను తీసుకుంటారు. మన దేశంలో టన్ను ముడి ఉక్కుకు సగటున సుమారు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, ప్రపంచ సగటు 2 టన్నుల లోపే. టన్నుకు 2.2 టన్నుల లోపు ఉద్గారాలుంటే హరిత ఉక్కుగా పరిగణిస్తామని ఉక్కు మంత్రిత్వ శాఖ 2024 డిసెంబరులో నిర్వచించింది. కాబట్టి మీకు వైర్‌రాడ్ అమ్మే మిల్లు నుంచి ఉద్గారాల పత్రం తీసుకోండి. ఇవ్వలేమంటే, ఇవ్వగల మిల్లుకు మారే సంగతి ఆలోచించండి. అసలు లెక్క పంపకపోతే వాళ్లు ఎక్కువ అంకె వేసుకుంటారు.

ఇందులో దేశానికి లాభం ఏమిటంటారా? ఇక్కడే కర్బనానికి ధర కట్టి ఉంటే ఆ మేరకు అక్కడ తగ్గిస్తారు. అంటే యూరోపియన్ యూనియన్ ఖజానాకు పోయే సొమ్మును ఇక్కడే ఉంచుకోవచ్చు. ఉద్గారాలు లక్ష్యం కంటే తగ్గించినవారు ఆ మిగులును అమ్ముకునేలా 2023లో నోటిఫై చేసిన మన కర్బన క్రెడిట్ల వ్యాపార పథకం వేగంగా అమలు కావాలని కోరడానికి నాకు ఇంతకంటే గట్టి కారణం కనిపించడం లేదు.

కరెంటు మాట వచ్చింది కాబట్టి, యూరప్‌తో సంబంధం లేని సలహా ఒకటి. ఆదివారం యంత్రాలన్నీ ఆపి, కంప్రెసర్ ఒక్కటే నడిపి షెడ్డులో నిలబడండి. గాలి పైపుల అతుకుల దగ్గర సన్నగా బుస కొట్టినట్లు వినిపిస్తే సబ్బునీళ్లు పూసి చూడండి, బుడగలు వచ్చిన చోటల్లా మీ బిల్లు కారిపోతున్నట్లే. నిర్వహణ సరిగా లేని యూనిట్లలో కంప్రెసర్ గాలిలో 20 నుంచి 30 శాతం ఇలా వృథా కావడం సాధారణం. పది రూపాయల వాషరుతో ఆగిపోయే లీకులే వాటిలో చాలా ఉంటాయి.

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో సొంత ఇంట్లో ఉంటున్నాము. వేసవిలో నాలుగు వందల యూనిట్లు దాటుతున్నాయి. మేడ మీద సోలార్ పెట్టుకోమంటున్నారు, మా పనమ్మాయి కుటుంబానికి మాత్రం కరెంటు ఉచితం. ఇందులో తర్కం ఏమిటి?

జవాబు: మీ ఇంటి వరకు లెక్క తేలిక. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ వస్తుంది. అందుకు నీడ పడని చోటు సుమారు మూడు వందల చదరపు అడుగులు కావాలి, నెలకు 300 యూనిట్లకు అటూ ఇటూగా వస్తాయి. ముందుగా తగ్గేది మీ బిల్లులోని ఖరీదైన పై స్లాబు యూనిట్లే కాబట్టి పెట్టుబడి త్వరగానే తిరిగొస్తుంది. వాటర్ ట్యాంకు నీడ ఒక్కటి చూసుకోండి.

రెండో ప్రశ్న అంత తేలిక కాదు. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. పేద ఇంటికి అది నిజమైన ఊరట, దాన్ని తప్పుపట్టలేము. కానీ బిల్లే లేని ఇంటివారికి సోలార్ పెట్టుకోవలసిన అవసరం ఉండదు. ఆ కరెంటుకు ప్రభుత్వం డిస్కంలకు ఏటా చెల్లిస్తూనే ఉండాలి. ఏటా చెల్లించే ఆ సొమ్ములో కొంత ముందుగానే పెట్టుబడిగా పెట్టి, ఆ కాలనీల పాఠశాలల మీద, కమ్యూనిటీ హాళ్ల మీద ప్యానెళ్లు బిగిస్తే, ఇళ్లకు కరెంటు ఉచితంగానే ఉంటుంది, ఖజానాపై భారం మాత్రం ఏటేటా తగ్గుతుంది. కేంద్రం నడిపే సోలార్ పథకం, రాష్ట్రం నడిపే ఉచిత కరెంటు పథకం ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడమే ఇక్కడి లోపం.

ప్రశ్న: ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను మాఫీ ఇవ్వడం మంచిదేనా? (సైనిక్‌పురి, వారాసిగూడ పాఠకులు)

జవాబు: ఆటోలకు, బస్సులకు, ద్విచక్ర వాహనాలకు మంచిదే. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునేదే, ప్రతి లీటరు ఆదా విదేశీ మారకద్రవ్యం ఆదా. కానీ తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు వరకు ఇచ్చిన నూరు శాతం మినహాయింపు ఖరీదైన కార్లకూ వర్తిస్తోంది. యాభై లక్షల కారు కొనగలవాడికి పన్ను మాఫీ ఎందుకో నాకు అర్థం కాదు. పీఎం ఈ-డ్రైవ్ పథకంలో హైదరాబాదుకు కేటాయించిన 2,000 ఎలక్ట్రిక్ బస్సులు, వాటి ఛార్జింగ్‌కు కావలసిన డిపోలు త్వరగా వస్తే ప్రయోజనం అంతకంటే ఎక్కువ మందికి అందుతుంది.

ప్రశ్న: చాదర్‌ఘాట్ దగ్గర చిన్న వ్యాపారం చేస్తాను. వరదలు, ఎండలు మన చేతిలో లేవు. వాటి కోసం నాలాలు, గోడలు అంటూ వేల కోట్లు ఖర్చు పెట్టే బదులు ఆ సొమ్ముతో పరిశ్రమలు పెడితే ఉద్యోగాలైనా వస్తాయి కదా?

జవాబు: మీరు ఉన్న చోటే ఈ ప్రశ్నకు ఒకసారి జవాబు దొరికింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15 వేల మంది ప్రాణాలు తీసింది. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నది ఒడ్డున గోడలు కట్టి ఊరుకోకుండా, నీటిని ఎగువనే పట్టి నిలపాలని ఆయన సూచించారు. అలా వచ్చినవే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. వరద ఆపడానికి తలపెట్టిన ఆ జలాశయాలే నగరానికి దశాబ్దాలపాటు తాగునీరు ఇచ్చాయి. నీరు లేనిదే ఆజామాబాద్‌లో కర్మాగారాలు, ఆ తరువాత సనత్‌నగర్‌లో, బాలానగర్‌లో పరిశ్రమలు, వాటి వెంట వచ్చిన జనం నిలబడేవారు కాదు. మీరు అడిగిన పరిశ్రమలు ఆ ఖర్చు మీదే లేచాయి.

ఆ మాటకు వస్తే, ఖర్చు పెట్టనప్పటి లెక్క కూడా మనకు తెలుసు. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు కింది కాలనీల్లో కొట్టుకుపోయినవి కుట్టు మిషన్లు, కిరాణా సరుకు, ఆటోలు. అవన్నీ పెట్టుబడులే, చాలావాటికి బీమా లేదు. బ్రిటిష్ ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచం ముందుగా జాగ్రత్తపడటానికి ఏటా జీడీపీలో ఒక శాతం సరిపోతుంది, పడకపోతే నష్టం 5 నుంచి 20 శాతం వరకు ఉండవచ్చు. ఆ అంచనాలు ఎక్కువని వాదించిన ఆర్థికవేత్తలూ ఉన్నారు. వారు కూడా ఏమీ చేయనక్కరలేదని అనలేదు.

ఎండ సంగతికి వస్తే, 2030 నాటికి వేడివల్ల మన దేశంలో 5.8 శాతం పనిగంటలు పోతాయని, అది 3.4 కోట్ల పూర్తికాల ఉద్యోగాలకు సమానమని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. ఇందులో ఎక్కువ భాగం పొలాల్లో, కట్టడాల దగ్గర పనిచేసేవారిది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో దేశంలోనే తొలిసారిగా చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలకు మించిన ఇళ్లకు అది తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. నా దృష్టిలో అవసరం తలకిందులుగా ఉంది. ఆరు వందల గజాల ఇంట్లో ఏసీ ఉంటుంది. రేకుల కప్పు కింద కుట్టు మిషన్ నడిపే గదిలో ఉండదు, అక్కడ మధ్యాహ్నం పని ఆగిపోతే ఆ రోజు కూలి తగ్గుతుంది. తెల్లని పూత వేస్తే గది రెండు మూడు డిగ్రీలైనా చల్లబడుతుంది. మీ దుకాణానికి రేకుల కప్పే ఉంటే మార్చి నెలలోపు పూత వేయించండి. మీ వార్డు కార్యాలయానికి వెళ్లినప్పుడు, బస్తీల్లోని చిన్న ఇళ్లకు ఈ పూత ఉచితంగా వేయించే ఆలోచన ఉందా అని కూడా అడగండి.